పిట్‌కైర్న్ వాటా

ఏదైనా పంచవలసి వస్తే గోవిందరాజులు వెనక్కి తిరిగి నిలబడతాడు. పుట్టినరోజు కేకు అయినా, ఇంటి నుంచి తెచ్చిన గారెలైనా అంతే. ఎవరో ఒకరు ఒక్కో ముక్కనూ చెంచాతో తాకి "ఇది ఎవరికి?" అని అడగాలి. అతను చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఆ ముక్క ఆ పేరుదే. చిన్నదని గొణిగితే చెల్లదు.

ఐర్లండ్‌లో, రింగాస్కిడీ రేవులోని ఒక మందుల ప్లాంటులో బాయిలర్ల దగ్గర అతని పని. అంతకుముందు ఓడ ఇంజనీరు. న్యూజిలాండ్ నుంచి పిట్‌కైర్న్ దీవికి సరుకు మోసే ఓడలో కొంతకాలం ఉన్నాడు. అక్కడ రేవు లేదు, విమానం దిగదు. ఓడ దూరంగా నిలబడితే దీవివాళ్ళే పడవలు వేసుకొని వస్తారు. జనమంతా కలిపి ఒక పెళ్ళి పంక్తికి సరిపోరు. ఒకసారి అతను దీవిలో దిగినప్పుడు సముద్రం కోపంగా ఉండి పడవలు కదలలేదు. అతను ఒడ్డునే ఉండిపోయాడు. ఎర్రమట్టి దారి, సీమపనస చెట్లు, ఆ దీవిలో తప్ప ఎక్కడా లేని ఒక చిన్న పిట్ట. చూడడానికి మరేమీ లేదు.

ఆ సాయంత్రం గంట కొట్టారు. పట్టిన చేపలను నేలమీద కుప్పలు పెట్టారు. ఒక ముసలావిడ కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగింది. ఒకతను కుప్పను చూపిస్తూ అడుగుతుంటే ఆవిడ ఇంటింటి పేరూ చెప్పింది. చివర మిగిలిన కుప్పకు, అతని పేరు కుదించి, "రాజు" అంది. ఓడవాడికీ ఒక వాటా.

వాళ్ళ పూర్వీకులు కెప్టెన్ మీద తిరగబడ్డ ఇంగ్లీషు నావికులు. తహితీ ఆడవాళ్ళతో, మగవాళ్ళతో ఆ దీవికి చేరి, ఓడను తగలబెట్టి దాక్కున్నారు. తర్వాత భూమి దగ్గరా ఆడవాళ్ళ దగ్గరా తగువులు వచ్చి ఒకరినొకరు చంపుకున్నారు. మిగిలిన ఆడవాళ్ళు పిల్లల్ని పెంచారు. పంచుకోవడం రాక చచ్చినవాళ్ళ మనవలు వీళ్ళు అని గోవిందరాజులు అనుకున్నాడు. ఆ వీపు అతనికి గుర్తుండిపోయింది.

ఇప్పుడు అతనికి నిద్ర లేదు. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు. పగలు పడుకుంటే గుండె దడదడలాడుతుంది. జీపీ డాక్టరు చూసి, రాత్రులు మానెయ్యమన్నాడు. ఆ మాట ప్లాంటులో చెబితే పగటి డ్యూటీ ఇచ్చేవారే. చెప్పలేదు. అది అడిగి తెచ్చుకున్నది అవుతుంది, వాటా కాదు.

డిసెంబరులో ఒక పగటి డ్యూటీ ఖాళీ అయింది. దాన్ని కోరుకున్నవాళ్ళు ముగ్గురు. గోవిందరాజులు, కొడుకును బడిలో వేయబోతున్న లీలారాణి, కొత్తగా పెళ్ళయిన అభిలాష్. మీలో మీరే తేల్చుకుంటే గ్రాండ్, భేష్ అని సూపర్‌వైజర్ వెళ్ళిపోయాడు.

"మీ దీవి లెక్కనే చేద్దాం అంకుల్," అన్నాడు అభిలాష్. "దాని ఊరి పేరు కూడా ఆడమ్స్‌టౌనే అంటిరి గదా. నేను డబ్లిన్ పక్క ఆడమ్స్‌టౌన్‌ల రెండేండ్లున్న. ఒక్కడన్న చేపముక్క పెట్టలే."

"నువ్వు పెట్టావా ఎవరికైనా?" అంది లీలారాణి.

సాయంత్రం, డ్యూటీ మారే వేళ. ఇక్కడివాళ్ళు ప్రెస్ అని పిలిచే క్యాంటీన్ అలమరాలోంచి లీలారాణి మూడు కప్పులు తీసింది. తెల్లది పగలు, నల్లవి రెండూ రాత్రి. బల్లమీద వరసగా పెట్టి చెంచా పట్టుకుంది. గోవిందరాజులు ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగాడు. ఎప్పుడూ పగలే పంచేవాళ్ళు. అద్దంలోంచి రేవూ, ఫెర్రీ ఓడా కనిపించేవి. ఇవాళ బయట చీకటి పడిపోయింది. నల్లటి అద్దంలో గదంతా ఉంది. బల్ల ఉంది. తెల్ల కప్పు నీళ్ళమీద తేలుతున్నట్టు ఉంది.

చెంచా దాన్నే తాకింది.

"ఇది ఎవరికి అంకుల్?"

తన పేరు నాలుక మీదికి వచ్చింది. ఒక్క మాట. ఆ తర్వాత రోజూ రాత్రి పడుకోవచ్చు. దీవిలో ఆ ముసలావిడ ఎదుట ఉన్నది సముద్రం. అది ఏమీ చూపించదు.

"ఆగమ్మా," అన్నాడు. "నాకు కనిపిస్తోంది."

"గిదేంది అంకుల్!" అభిలాష్ తల పట్టుకున్నాడు. "చెప్పేస్తే అయిపోతుండె. మాకెట్ల తెలుస్తుండె?"

గోవిందరాజులు జాకెట్ తీసి తలమీద కప్పుకున్నాడు. లీలారాణి కప్పులు అటూ ఇటూ మార్చింది. చెంచా మోగింది.

"ఇది?"

"అభిలాష్‌కి."

"అయిపాయె," అన్నాడు అభిలాష్. నల్లదన్నమాట.

మళ్ళీ చెంచా.

"ఇది?"

జాకెట్‌లో ఊపిరి వేడిగా ఉంది. "నీకేనమ్మా."

"సారీ అంకుల్," అంది లీలారాణి. తెల్ల కప్పు ఆమెదేనని అతనికి తెలిసిపోయింది. జాకెట్ తీసి, చేతులు దూర్చి, జిప్పు పెట్టుకొని డ్యూటీకి వెళ్ళాడు.

మెట్ల దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య కనకలత అంతా విన్నది.

"కనిపిస్తే కనిపించింది. నోరు తెరవమని ఎవరన్నారు?"

అతను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆ దీవోళ్ళొచ్చి నీ గుండె చూస్తారేటి? అలాగే ఉండు." గొంతు తగ్గించింది. "డబ్బాలో పెరుగన్నం ఎట్టేను. తినీ."

మర్నాడు పొద్దున డ్యూటీ దిగాక అతను క్యాంటీన్‌కి వచ్చాడు. ఫిల్టర్లు వచ్చిన అట్టపెట్టె ఒకటి విప్పి, కుర్చీ ఎక్కి, కిటికీకి అడ్డంగా టేపుతో అంటించాడు. మోకాళ్ళు పట్టేసి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. బయట ఇంకా తెల్లవారలేదు. తెల్ల కప్పును బల్లమీద పెట్టి, అట్ట వైపు తిరిగి నిలబడ్డాడు. ఏమీ కనిపించలేదు. కప్పు కడిగి, ప్రెస్‌లో పెట్టి, ఇంటికి వెళ్ళాడు.