నాన్నకు చెప్పని అడ్రసు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, వాటి మీద థీసిస్ రాస్తున్నదాన్ని. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి వెబ్‌సైట్ల మేటర్ రాసేదాన్ని, సెలవు రోజుల్లో పీహెచ్‌డీ పని. చైనా వదిలి పరాయి దేశాల్లో స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు ఇప్పుడు రాస్తున్న నవలల్లో ఇల్లంటే ఏమిటి, సొంత ఊరంటే ఏమిటి అన్నది నా అంశం.

ఆ నవలల్లో చనిపోయిన తాతలూ అమ్మమ్మలూ తరచు వస్తుంటారు. ఇల్లు మారేటప్పుడు అగరొత్తులు వెలిగించి, పెద్దల పటం ముందు నిలబడి కొత్త అడ్రసు చెప్పాలట. చెప్పకపోతే వాళ్లు పాత ఇంటికే వచ్చి తచ్చాడతారట. ఇదంతా పరాయితనానికి ప్రతీక అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మా గైడ్ తెగ మెచ్చుకున్నారు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. మా అమ్మానాన్నలది భీమవరం. ఉద్యోగరీత్యా వచ్చిన నాన్న మియాపూర్‌లో ఒకే అద్దె ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోయారు. నేను మియాపూర్ పిల్లననే అనుకుంటూ పెరిగాను. ఆ రోజుల్లో ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. పోనీ భీమవరం అందామంటే, అక్కడ మాకు గడప కూడా మిగల్లేదు.

నాన్న చుట్టాల పెళ్లికి భీమవరం వెళ్లి, గుండెపోటుతో అక్కడే పోయారు. దహనమూ అక్కడే. పెళ్లికని తీసుకెళ్లిన పట్టు కండువానే అమ్మ ఆయన మెడలో వేసింది. అంచు చిరిగి ఉంటే, చేతికి దొరికిన ఎర్రదారంతో అప్పటికప్పుడు కుట్టింది. మియాపూర్ వాళ్లెవరూ అక్కడ లేరు. ఆ కండువా ఆయనతోనే కాలిపోయింది.

ఆ తర్వాత అమ్మకు హైదరాబాద్ అంటే భయం పట్టుకుంది. 'మనవాళ్లు' ఎక్కువని తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి మారాం. మియాపూర్ ఇంటి ఓనరు యాదమ్మది నల్గొండ జిల్లా. కింది వాటాలో ఒక్కతే ఉండేది. మేం సామాను ఎక్కిస్తుంటే గేటు పట్టుకుని ఏడ్చింది.

"ఎందుకు పోతున్నరు బిడ్డా? నేనేమన్న అన్ననా మిమ్ముల?"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పెత్రమాస నాడు, అంటే చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, పొద్దున్నే యాదమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మీ నాయిన వచ్చిండు. నేను వాకిలి ఊడుస్తున్న. గేటు కాడ నిలబడి మీ వాటా దిక్కే చూస్తున్నడు. 'మావాళ్లు ఏరండీ' అన్నడు."

పెద్దావిడ, పండగ పూట తలుచుకుని ఉంటుందనుకున్నాను. మాట కలుపుదామని, నాన్న ఎలా కనిపించారని అడిగాను.

"మెడల పట్టు కండువ ఉండె. అంచుకు ఎర్రదారం కుట్టు. గంత మంచి కండువకు గా దారమేందనుకున్న."

ఫోన్ అమ్మకిచ్చేశాను. అమ్మ భయపడలేదు. "ఆయనకి చెప్పకుండా వచ్చేశామే" అని భోరుమంది. నా థీసిస్‌లో ఏముందో అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ రోజే మియాపూర్ వెళ్లాం. యాదమ్మ అగరొత్తులు వెలిగించి ఇచ్చింది. అమ్మ గేటు బయట నిలబడి, చుట్టానికి దారి చెప్పినట్టు చెప్పింది.

"తెల్లాపూర్ వచ్చేశామండీ. పెద్ద గేటుంటుంది. సీ బ్లాకు, మూడో అంతస్తు. కంగారు పడకుండా రండి."

దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు నేను ఆఫీసుకు, అమ్మ పాలకని బయల్దేరుతుంటే మా కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ వెంకటయ్య ఆపాడు. పాలమూరు మనిషి. నాన్నను ఎన్నడూ చూసినవాడు కాదు.

"మేడమ్, పొద్దుగాల మీ ఫ్లాటుకని ఒక పెద్దమనిషి వచ్చిండు. పట్టు కండువ ఏసుకున్నడు. రిజిస్టర్ల రాయాలె గద, ఏ ఊరు సార్ మీది అని అడిగిన. చెప్పలే. ఎనకకు మర్లిండు."

యాదమ్మ, వెంకటయ్య ఒకరినొకరు ఎరగరు. ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నాన్న మళ్లీ ఎవరికీ కనబడలేదు, మియాపూర్‌లోనూ, ఇక్కడా. థీసిస్‌లో దెయ్యాల అధ్యాయం నేను పూర్తి చేయలేకపోయాను.

ఆ పొద్దున వెంకటయ్యను అమ్మ పల్లెత్తు మాట అనలేదు. లోపలికి వచ్చాక నాతో మాత్రం, "ఏ ఊరంటే ఏమని చెబుతారే పాపం" అంది.