వద్దన్న మాటకు అర్థాలు

మొన్న మెదక్‌లో ఒక కాలేజీ వాళ్లు పాత ఇంగ్లీషు నవలల మీద సదస్సు పెట్టి, రిటైరైన ఇంగ్లీషు టీచర్ని గదా అని నన్నూ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. చర్చ ఒక పెళ్లి సంబంధాల నవల గురించి. అందులో ఆస్తిపరుడొకడు వచ్చి పెళ్లాడతానంటే నాయిక వద్దంటుంది. వేదిక మీది కుర్ర లెక్చరరు మనోవిశ్లేషణ పేరు చెప్పి, ఆ వద్దనడం వెనక అణచుకున్న కోరిక ఉందనీ, ఆ అమ్మాయి అతనిలో తన తండ్రినే వెతుక్కుంటోందనీ, ఆమె కాదన్న చోటల్లా అవునని చదువుకోవాలనీ తేల్చేశాడు. పిల్లలు తలవంచుకుని రాసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ నవల అక్కకూ నాకూ రజాకార్ల కాలంలో పరిచయం. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ, చర్చి నీడన పుట్టి పెరిగిన క్రైస్తవురాలు, బడి వదిలాక మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించేది. వీధిలో రజాకార్ల కవాతు చప్పుడైతే ఆపేసి, అది దూరమయ్యాక అదే వాక్యం నుంచి మళ్లీ ఎత్తుకునేది. అంత భయంలోనూ మాకు ఆ ఇంగ్లీషు పిల్ల ఏమవుతుందోనన్న బెంగే ఎక్కువగా ఉండేదంటే ఇప్పటివాళ్లు నవ్వుతారేమో గాని, మా ఈడువాళ్లు నవ్వరు.

నాన్న కచేరీలో గుమాస్తా. నల్గొండ దిక్కున సంగపోళ్లు, అంటే కమ్యూనిస్టులు, దొరల గడీల మీద పడుతున్నారని జడిసి, మా కులానికే చెందిన దొర ఒకాయన కుటుంబంతో సహా మెదక్ వచ్చి కిరాయి ఇంట్లో దిగాడు. భార్య పోయినవాడు, నాన్నకంటే రెండుమూడేళ్లు చిన్నవాడేమో. అక్కను చూసి అడిగాడు. ఎదిగిన పిల్లను ఇంట్లో ఉంచుకోవడానికే జనం వణికిపోతున్న రోజులవి, నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. అక్క వద్దంది. అమ్మ సిగ్గనుకుంది, మేనత్త గారాబం అంది, నాన్న అసలు విననే లేదు.

"బయట ఏమైతుందో నీకేం ఎరుక? పెద్దింటోళ్ల నీడ దొరికింది, సప్పుడు జెయ్యకు," అన్నాడు.

సంబంధం ఖాయం చేసి పూలుపండ్లు పెట్టుకునే రోజు వచ్చింది. దొరగారి అక్క మల్లెదండ పట్టుకుని జడలో తురమబోతే, పీట మీద కూర్చున్న మా అక్క లేచి నిలబడింది.

"జర ఆగుండ్రి. నాకీ పెండ్లి వద్దు. సిగ్గుపడి అంటలేను."

చాప మీద కూర్చున్న దొర నవ్వాడు. "ఆడపిల్లలు గట్లనే అంటరు. లోపల ఇష్టమే ఉంటది," అన్నాడు పక్కవాళ్లతో.

"లోపల కూడ వద్దనే ఉన్నది," అంది అక్క.

సంబంధం ఆ పూటే తెగిపోయింది. నాన్న చెయ్యి చేసుకున్నాడు, బడి మాన్పించాడు. సంగతి తెలిసి టీచరమ్మ ఇంటికి వస్తే, ఆమెను గడప బయటే నిలబెట్టి, మీ పుస్తకాలే దీని తలకాయ ఖరాబు చేసినయని అరిచాడు. ఆమె ఎంతో నెమ్మదిగా, "వద్దన్న మాట మీ బిడ్డదే అయ్యగారు, నేను పిల్లకు ఇంగ్లీషు ఒక్కటే నేర్పిన," అని వెళ్లిపోయింది. నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను.

పోలీసు చర్య వచ్చింది, రజాకార్లు పోయారు. దొర ఖద్దరు కట్టి, మిలిటరీ వాళ్ల అండతో తన గడీకి తిరిగి వెళ్లాడు. దొరసానివై కూర్చునేదానివి గదా అని చుట్టాలు అక్కను పొడిచారు. అడవుల్లో ఇంకా కాల్పులు నడుస్తున్న ఆ రోజుల్లోనే అక్క ఇల్లు వదిలి, టీచరమ్మ సాయంతో మిషన్ దవాఖానలో నర్సు పనికి చేరింది. ఇక ఊరు ఆమెను చదవడం మొదలుపెట్టింది. సంగపోడెవడితోనో మనసు కలిసిందన్నారు, గాలి సోకిందన్నారు. చదువుకున్న వకీలొకడు మగవాళ్లంటే దానికి భయం అన్నాడు. అక్కకు ఆ మనిషి నచ్చలేదని మాత్రం ఒక్కరూ అనలేదు. చాలా ఏళ్లకు తనతో పనిచేసే కాంపౌండరును తనంతట తానే చేసుకుంటానంది. ఆమె సరేనన్నప్పుడు దానికి ఎవరూ అర్థాలు వెతకలేదు.

సదస్సులో తర్వాత ఒక మేడమ్ స్త్రీవాద దృష్టితో మాట్లాడింది. ఆస్తంతా మగవాళ్లదైన లోకంలో ఆడపిల్లకు పెళ్లి తప్ప బతుకుతెరువు లేదంటే, నిజమేనని తల ఊపాను. కాని ఆ నాయిక చివరికి పెళ్లే చేసుకుంది గనుక ముందు వద్దనడం ఉత్త బేరమేననీ, ఇలాంటి నవలలు చదివిన ఆడపిల్లలు బానిసత్వాన్నే ప్రేమ అనుకున్నారనీ అనేసరికి ఇక కూర్చోలేకపోయాను. లేచి అక్క కథ చెప్పాను. మేడమ్ తల దించుకుని ఆలోచనలో పడింది. కుర్ర లెక్చరరు మాత్రం ఎంతో మర్యాదగా, "అమ్మా, మీ అక్కగారికి మీ నాన్నగారితో సంబంధం ఎలా ఉండేదండీ?" అని అడిగాడు. చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

వాళ్లకు తెలిసిన శాస్త్రాలు మాకు తెలియవు, ఒప్పుకుంటాను. ఇప్పటి పిల్లలు ఒక వాక్యాన్ని పది రకాలుగా విప్పగలరు, ఆ నేర్పు మాకు లేదు. ఎక్కడో సముద్రాల అవతల, మేము ఎన్నడూ చూడని తోటలో నిలబడి, మాకు సగమే అర్థమయ్యే భాషలో ఒక పిల్ల వద్దంటే, మెదక్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లం ఆ మాట నమ్మాం. అట్లా నమ్మి చదివేవాళ్లు ఇప్పుడెక్కడైనా ఉన్నారా అని ఆ రోజు రిక్షాలో వస్తూ దారి పొడవునా అనుకున్నాను.