సీసం గుళ్ళ గురించి వదినకు చెప్పిన జవాబు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చిన్నదే. ఒక్క నిమిషంలో నోటి నుంచి జారిపోయింది. దాని బరువు మాత్రం ఒక పిల్ల మీద పడింది.

మాది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పదో తరగతితో బడి మానేశాను. తర్వాతి చదువంతా టెక్కలి లైబ్రరీలోనే. అది నాకు గర్వం, ఇప్పటికీ. వీధిలో ఎవరికి మందుచీటీ వచ్చినా, ఆఫీసు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు.

అన్నయ్య గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళేవాడు. ఇక్కడ వదిన వలలు కట్టేది. పాత బ్యాటరీల సీసాన్ని పెరట్లో కరిగించి, వల మునగడానికి గుళ్ళు పోసేది. గుండును తాడుకు తొడిగి పంటితో నొక్కడం మావాళ్ళ అలవాటు. వదిన కూతురు గౌరికి అప్పుడు ఆరేళ్ళు. గుళ్ళు బుగ్గన పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి, అచ్చం అమ్మలాగే నొక్కేది.

ఒకరోజు వదిన అడిగింది.

"బాబూ, ఇదెప్పుడు సూసినా సీసం నోట్లోనే ఎట్టుకుంటాది. ఏటైనా అవుతాదేటి?"

"ఏటీ అవ్వదొదినా. నేను సదివాను."

"మా లైబ్రరీ బాబు సదివాడంటే ఇంక డాక్టరెందుకు!"

నవ్వింది. గౌరి కూడా నవ్వింది, బుగ్గ నిండా గుళ్ళతో.

నేనేమీ చదవలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. అంతే.

గౌరి బడిలో కుదురుగా కూర్చోలేకపోయింది. చెప్పింది చెవికెక్కేది కాదు. చిన్న మాటకే తోటిపిల్లల మీద చెయ్యి చేసుకునేది. వదిన చీపురుకట్టతో కొట్టింది. నాలుగు తగిలిస్తే దారికొస్తుందని సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే.

తర్వాతి ఏడాది లైబ్రరీలో పిల్లల ఆరోగ్యం మీద ఒక పుస్తకం చేతికొచ్చింది. పైకి ఏ జబ్బూ కనిపించనంత కొద్దిగా సీసం చేరినా అది పిల్లల మెదడును తాకుతుందట. నిలకడ తగ్గుతుంది, కోపం పెరుగుతుంది, చదువు వెనకబడుతుంది. చేతులకంటిన దుమ్ము చాలు, కరిగించినప్పటి పొగ చాలు. ఇంత అని గీత గీసి, దానికి లోపల భయం లేదని చెప్పడానికి లేదు. ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. పుస్తకం బీరువాలో పెట్టేసి బస్సెక్కాను. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు.

ఎందుకు? ఒక జవాబు తప్పని తేలితే వీధి నా మిగతా జవాబులన్నిటినీ అనుమానిస్తుందనా? ఒక పిల్ల కంటే నా పేరు నాకు ఎక్కువైందా? అయింది. వేరే మాట వెతుక్కోలేను.

గౌరి తీరుకు సీసమే కారణమని ఖాయంగా చెప్పలేను. రక్తపరీక్ష చేయిస్తే కొంత తెలిసేది. ఆ దారి మూసింది నేనే. గౌరి ఐదో తరగతిలో బడి మానేసి, పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళింది. 'మొండిది' అన్న పేరు అత్తవారింటికి కూడా తీసుకెళ్ళింది.

మొన్న పురిటి తర్వాత మొదటిసారి పుట్టింటికొచ్చింది. పాకే బిడ్డ. పెరట్లో వదిన ఇంకా సీసం కరిగిస్తూనే ఉంది. ఆ బిడ్డ చెయ్యి మట్టిలోంచి నోటిదాకా వెళ్ళడం చూశాక నిలవలేకపోయాను. అప్పుడు అబద్ధం చెప్పానని, తర్వాత తెలిసి కూడా దాచానని ఇద్దరి ముందూ చెప్పేశాను. బిడ్డకు పరీక్ష చేయించమన్నాను.

వదిన పొయ్యి ఆర్పేసింది. నా వైపు చూడలేదు. గౌరి బిడ్డనెత్తుకుని చేతికంటిన మట్టి తుడిచింది. తర్వాత అడిగింది:

"మరి నన్ను కొట్టినప్పుడు సూత్తా ఉన్నావు కదా, సిన్నాన్నా?"

ఉన్నానన్నాను. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను తడుముకోకుండా చెప్పిన మొదటి నిజం అదే.