ముద్దాయి హాజరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను నమ్మేవాళ్ల జాబితాలో వెయ్యకూడదని. కోర్టులో స్టెనోగా పనిచేసినదాన్ని. బతికున్న మనుషులు ఒకరికొకరు చేసుకునేవి రోజంతా వింటూ టైపు కొట్టినదాన్ని. ఇక చచ్చినవాళ్లకి భయపడే తీరిక ఎక్కడిది? ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందట అని ఎవరైనా అంటే, అయితే అద్దె తగ్గించారా అని అడిగే రకం నేను.

ఇప్పటికీ ఆ రకమే. కానీ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లుగా మింగుడుపడలేదు. అది నా చదువుతో ముడిపడి ఉంది కాబట్టి చదువు దగ్గరే మొదలుపెడతాను.

అవి తొంభైల నాటి రోజులు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా విడిగా రాలేదు, మేమంతా మధ్యప్రదేశ్‌వాళ్లమే. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చి, ప్లాంటులో కోక్ ఓవెన్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. రిటైరయితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందుకని క్యాంప్ వన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. నేను పనిచేసిన కోర్టు పేరు చెప్పను. రోజూ బస్సులో వెళ్లి రాగలిగేంత దూరం అనుకోండి.

ఉద్యోగం చేస్తూనే క్రిమినల్ జస్టిస్‌లో ఎం.ఏ.కి చేరాను. ఉద్యోగస్తుల కోసం పెట్టిన కోర్సు, ఆదివారాలు రాయపూర్‌లో క్లాసులు. వారమంతా కోర్టు, ఆదివారం పొద్దున్నే లోకల్ రైలు, ఒళ్లో నోట్సు. క్లాసులో ఇద్దరు ముగ్గురు పోలీసులు, ఒక జైలు ఉద్యోగి, నేను. ప్రొబేషన్ ఆఫీసరు ఉద్యోగానికి పనికొస్తుందని ఇంట్లో చెప్పాను. అసలు కారణం వేరు. నా చేత్తో కొట్టే ఆ కాగితాల వెనక మనుషులకి ఏమవుతోందో తెలుసుకోవాలని ఉండేది. తెలుసుకుంటే ఏదో చెయ్యొచ్చనుకున్నాను. ఆ వయసు అలాంటిది.

మొదటి క్లాసులోనే చెప్పారు, నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అని. ఆ వాక్యం పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. దానివల్ల ఇంకే ప్రయోజనం ఉందో నేను చూడలేదు.

రెండో ఏడాది ప్రతి ఒక్కరూ ఒక కేసుని మొదటినుంచీ చివరిదాకా వెంబడించి దాని మీద రాయాలి. నేను జడ్జి గారి అనుమతి తీసుకుని మా కోర్టులోనే ఉన్న సింహాచలం కేసు పట్టుకున్నాను. అతనూ మా క్యాంప్ వన్ కుర్రాడే. అక్కడే పుట్టి పెరిగాడు. జాముల్ వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర లోడింగు పని చేసేవాడు. గోడౌన్లో రాగి కేబులు పోయిందని కేసు పెట్టి జైల్లో వేశారు. అతను తీశాడో లేదో నాకు తెలియదు. కోర్టుకీ తెలియదు, ఎందుకంటే సాక్షులు ఏ వాయిదాకీ రాలేదు.

ఇక్కడ మా కోర్టు పద్ధతి ఒకటి చెప్పాలి. కేసు వంతు రాగానే ఆర్డలీ గుమ్మం దగ్గర నిలబడి ముద్దాయి పేరు, తండ్రి పేరు మూడుసార్లు కేకేస్తాడు. వరండాలోంచి జవాబు వినిపిస్తే చాలు, జడ్జి గారు తలెత్తకుండానే 'ముద్దాయి హాజర్' అని చెప్పేస్తారు, నేను టైపు కొట్టేస్తాను. రోజుకి అన్నేసి కేసులుంటే ముఖాలు చూసే తీరిక ఎవరికుంటుంది? అందరూ 'హాజిర్ సాబ్' అని పలికేవారు. సింహాచలం మాత్రం మొదటిరోజు కంగారులో తెలుగులో 'ఉన్నానండీ' అన్నాడు. కోర్టంతా నవ్వింది. తెలుగు కన్నా హిందీ బాగా వచ్చినవాడే, అయినా తర్వాత అదే అలవాటైపోయింది. మా ఆర్డలీ బిసాహు, ఛత్తీస్‌గఢీ మనిషి, టీ తాగేటప్పుడు ఆ మాటని అనుకరించి నవ్వించేవాడు.

అతని తల్లి నూకాలు. భర్త పోయాడు. సెక్టారు క్వార్టర్లలో అంట్లు తోముకుంటూ బతికేది. ప్రతి వాయిదాకి టిఫిను డబ్బా పట్టుకుని వచ్చేది. మనసున్న కానిస్టేబులు దొరికితే కొడుక్కి రెండు ముద్దలు తినిపించేది. నేను ఆ కేసు గురించి అడుగుతున్నానని తెలిసి, కొడుకుని విడిపించడానికే నేను చదువుతున్నానని ఆవిడ నమ్మేసింది. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. వీధిలో అందరితోనూ "పాప పెద్ద సదువు సదుతంది. అదయిపోతే మావోడ్ని ఇంటికి తెచ్చేస్తది" అనేది.

నిజానికి బెయిలు ఎప్పుడో వచ్చింది. జమానతు, అంటే పూచీ పడే మనిషి, లేక ఆగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు. మా వైపు కోర్టుల్లో జమానతుకి నిలబడాలంటే ఇక్కడి భూమి పట్టా పుస్తకం చూపించాలి. ఆంధ్రా నుంచి వచ్చిన ప్లాంటు మనుషులకి ఇక్కడ భూమెక్కడిది? ఉంటే ఉన్న గజం భూమి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటుంది. అది వేరే రాష్ట్రం, చెల్లదు. ఉన్న క్వార్టరు ప్లాంటుది. ముప్ఫై ఏళ్లు ఇనుము కరిగించినా ఒక మనిషికి పూచీ పడే హక్కు మాకు రాలేదు.

ఉతై దగ్గర కొంచెం పొలం కొనుక్కున్న రిటైరైన తెలుగాయన ఒకరు ఉన్నారని తెలిసి నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన సరేనన్నారు. కొడుకులు ఒప్పుకోలేదు. ముక్కూ మొహం తెలియనివాడి కోసం పొలం తాకట్టేమిటన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేను. ఇంకా చాలామంది దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాను. ఆదివారం క్లాసులో బెయిలు అనేది హక్కని రాసుకోవడం, సోమవారం నుంచి ఆ హక్కుకి పట్టా పుస్తకం వెతకడం. చదువు మీద అసహ్యం అప్పుడే మొదలైంది.

ఆ వాయిదా రోజు పొద్దున మామూలుగానే గడిచింది. సింహాచలానికి జ్వరమని, జైలు ఆసుపత్రిలో ఉన్నాడని అంతకుముందు వాయిదాకి తేలేదు. ఈసారి తెస్తారనుకున్నాం. నూకాలు డబ్బాలో మిరియాల చారు, అన్నం తెచ్చుకుని గుమ్మం పక్కనే బెంచీ మీద కూర్చుంది. లోపలికి వెళ్తూ నేను పలకరించాను కూడా.

భోజనానికి కొంచెం ముందు అతని కేసు వచ్చింది. బిసాహు గుమ్మం దగ్గర నిలబడి, "సింహాచలం, వల్ద్ అప్పన్న, హాజిర్ హో" అని కేకేశాడు. జవాబు లేదు. రెండోసారి పిలిచాడు. లేదు. మూడోసారి పిలిచాక వరండాలోంచి, గుమ్మానికి ఎడంపక్క నుంచి, "ఉన్నానండీ" అని వినిపించింది.

అరిచినట్టు కాదు, గుసగుసా కాదు. జలుబు చేసినవాడిలా కొంచెం బొంగురుగా ఉంది, అంతే. నాకు ఏ అనుమానమూ రాలేదు. హమ్మయ్య, జ్వరం తగ్గిందన్నమాట అనుకున్నాను. జడ్జి గారు తలెత్తకుండా, ముద్దాయి హాజర్, సాక్షులు గైర్‌హాజర్ అని చెప్పి ఇంకో తేదీ వేశారు. నేను కొట్టేశాను.

బిసాహు కర్టెను పక్కకి పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నట్టు. ఎవరూ రాలేదు. అతను తల బయటపెట్టి చూసి, అలాగే ఉండిపోయాడు.

అప్పుడు జైలు వ్యాను వెంట వచ్చిన కానిస్టేబులు లోపలికి వచ్చాడు. సింహాచలం ముందురోజు సాయంత్రం చనిపోయాడనీ, జైలు నుంచి కాగితం వెనకాల వస్తోందనీ జడ్జి గారి బల్ల దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పాడు. ఇంటికి కబురు పంపారట, వాళ్లు వెళ్లేసరికి తలుపుకి తాళం ఉందట.

జడ్జి గారు బిసాహుని అడిగారు, పలికిందెవరని.

"ఓహీ సాబ్. సింహాచలం," అన్నాడు బిసాహు, అతనే అని.

జడ్జి గారు నా టైపు మిషన్‌లోంచి కాగితం తీయించి, 'హాజర్' అన్న మాట మీద కలంతో గీత కొట్టి పక్కన సంతకం పెట్టారు. పెట్టాక నావైపు చూసి, మీరూ విన్నారు కదా అని మెల్లగా అడిగారు. విన్నానన్నాను. ప్రభుత్వ వకీలు కూడా విన్నారు. ఎవరో ఆకతాయి పని అని ఆయన కోప్పడ్డారు.

ఆకతాయే అయ్యుంటే నేను సంతోషించేదాన్ని. బయటికి వెళ్లి నూకాలుని తప్ప వరండాలో ఉన్నవాళ్లందర్నీ అడిగాను. ఆరోజు మా కోర్టులో తెలుగువాళ్ల కేసు ఇంకొకటి లేదు. లాకప్పులో ఉన్న మిగతా ఖైదీలు భవనం వెనక ఉన్నారు, అక్కడి మాట ఇక్కడికి వినబడదు. ఉతై నుంచి గట్టు తగాదాకి వచ్చిన ఒక ముసలి రైతు మాత్రం, ఎవరో మద్రాసీ పలికాడు, నా పక్కనుంచే వినిపించింది అన్నాడు. మనిషిని చూశావా అని అడిగితే లేదన్నాడు. మా భాష అక్కడివాళ్లకి మద్రాసీయే.

ఈలోపు నూకాలు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆడ్ని తేనేదా పాపా?" అంది. చెప్పడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. ఆ కబురు నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. తర్వాత జరిగింది రాయను, రాసే శక్తి లేదు.

నా వ్యాసం పూర్తయింది. ముద్దాయి మరణం వల్ల కేసు ముగిసింది అని చివరి వాక్యం రాశాను. వరండాలో వినిపించిన మాట అందులో పెట్టలేదు. చాలా బాగుందని మెచ్చుకున్నారు, ఫస్టు క్లాసు వచ్చింది. ప్రొబేషన్ ఆఫీసరు ఉద్యోగం రాలేదు. వచ్చినా చేసేదాన్ని కాదేమో. అన్నీ తెలిసి, తెలిసినవాటిలో ఒక్కటీ ఒక్క మనిషికి అక్కరకి రాకపోతే, ఆ పట్టా ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. బిసాహు మాత్రం ఆ తర్వాత పిలుపు పని వద్దని పెద్ద గుమాస్తా కాళ్లావేళ్లా పడి రికార్డు గదికి వెళ్లిపోయాడు.

ఇంతవరకూ అయితే ఏదో ఒకటి చెప్పుకుని సర్దుకునేదాన్ని. అందరికీ అలవాటైన మాట, అందరూ ఎదురుచూస్తున్న మాట, లేకపోయినా వినిపించినట్టు అనిపించి ఉంటుందని. ఆ రైతు సంగతి దీనికి అతకదు, అయినా సరే అనుకునేదాన్ని. కానీ పెద్దకర్మ అయ్యాక నూకాలు మా ఇంటికి వచ్చింది.

లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే కూర్చుంది. ఆవిడకి బిసాహు అంతా చెప్పేశాడని నాకు తెలియదు.

"ఆడు పలికినాడంట గదా పాపా. నువ్వూ ఇన్నావంట. ఏటన్నాడు?"

"ఉన్నానండీ అన్నాడు," అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నాను ఆ బెంచీ మీదే ఉన్నాను గదమ్మా. మూడు పిలుపులూ ఇన్నాను. జడ్జీగోరు మాటాడింది ఇన్నాను. ఆడి మాటొకటీ నాకేల ఇనబడనేదు?"

ఆవిడకి చెవుడు లేదు. ఆ మాట అడుగుతూ అడుగుతూనే, లోపల పాలు పొంగుతున్నాయి చూడమని నాకన్నా ముందు ఆవిడే చెప్పింది. నేను వెళ్లి పొయ్యి తగ్గించి వచ్చేసరికి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "జమానతు తేనేదని అలిగినాడేటో నామీద" అని లేచి వెళ్లిపోయింది.

అలిగాడో లేదో నాకు తెలియదు. ఆ గొంతు ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలియదు. నిజంగా అతనిదే అయితే, పోయాక ఒక్క మాట అనే వీలు దొరికినవాడు పక్కనే అన్నం పెట్టుకుని కూర్చున్న తల్లికి వినిపించకుండా కోర్టుకి ఎందుకు చెప్పుకున్నాడో, అది మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.