పెంటారెడ్డి పటేలు ఎదుర్కోలు నడక

1997 జూన్‌లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉన్న ఒక పునరావాస కేంద్రంలో నేను ఫిజియోథెరపీ విభాగాధిపతిగా చేరాను. నరాల జబ్బులతో కాలూ చెయ్యీ మాట వినని వాళ్లకు మళ్లీ నడక, కూర్చోవడం, బొత్తాం పెట్టుకోవడం నేర్పే చోటు అది. నా కింద సిబ్బంది ఉన్నారని, పెద్ద హాలు ఉందని తెనాలిలో మా వాళ్లకు ఉత్తరాలు రాశాను. సిబ్బంది అంటే ఆయా యాదమ్మ. హాలు అంటే అంతకుముందు కోళ్ల దాణా నిల్వ చేసిన షెడ్డు. వానపడితే ఆ వాసన ఇంకా వచ్చేది.

మా వృత్తిలో అంతస్తులు స్పష్టంగా ఉంటాయి. పైన న్యూరాలజిస్టు. ఆయన సికింద్రాబాద్ నుంచి వారానికొకసారి వచ్చేవారు. మందు ఆయన సొత్తు. సగం మాత్ర పెంచాలన్నా తగ్గించాలన్నా ఆయన కలమే కదలాలి. కదలిక మా సొత్తు. ఆయన చీటీ మీద ‘నడక శిక్షణ’ అని రెండు మాటలు రాసి పంపేవారు. ఆ రెండు మాటల వెనక ఏముందో మేం వెతుక్కోవాలి. జనానికి ఈ తేడాలేవీ పట్టేవి కావు. వాళ్లకు నేను ‘కరెంటు పెట్టే సారు’ని. కాస్త గౌరవం తగ్గిన రోజు ‘మాలిష్ సారు’ని.

మరుసటి ఏడాది ద్రాక్ష కోతల కాలంలో ఆ రెండు మాటల చీటీతో పెంటారెడ్డి పటేలు వచ్చాడు. శామీర్‌పేట పక్క ఊరి పెద్ద రైతు. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల, ఊరంతా వినపడే గొంతు. జబ్బు పార్కిన్‌సన్స్. చెయ్యి వణకడం అందరికీ తెలిసిన సంగతే. తెలియనిది, మేం ఫ్రీజింగ్ అనేది. బాగా నడుస్తున్న మనిషి గడప దగ్గరో, మలుపు దగ్గరో, పదిమంది చూస్తున్నచోటో పాదాలు నేలకు అతికించినట్టు నిలిచిపోతాడు. బలం తగ్గలేదు, బుద్ధి తగ్గలేదు, అడుగు మాత్రం మొదలు కాదు. దీనికి తోడు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చిక్కు ఇంకొకటి. ఒక్కోసారి మొదలైన అడుగు ఆగదు. ఒళ్లు ముందుకు వాలి, అడుగులు చిన్నవై, వేగం పెరిగి, ఏ గోడో అడ్డొచ్చేదాకా మనిషి పోతూనే ఉంటాడు.

పటేలు మా షెడ్డు గడప దగ్గరే నిలిచిపోయాడు. వెనక ఆయన కొడుకు సుధాకర్, కోడలు సుగుణ. సుధాకర్ నన్ను పక్కకు తీసుకెళ్లి, తండ్రికి వినపడేలాగే చెప్పాడు.

“సారూ, జబ్బు కొంచెముంది, నాటకం మస్తుంది. ఇంట్ల అడుగు ఎయ్యడు. తోటలకు తోల్కపోతే గుర్రం లెక్క ఉరుకుతడు. మీరే జెప్పుండ్రి, గిదేం బీమారి?”

“వాడు జెప్పేది నిజమే సారు,” అన్నాడు పటేలు గడపలోంచి కదలకుండానే. “తోటల నడుస్త. ఇంట్ల నడవ. ఎందుకో నాకు గూడ సమజైతలేదు. మా సుధాకర్‌కు మాత్రం సమజైంది. మస్తు తెలివిగల్ల పోరడు.”

అసలు విషయం మెల్లగా బయటపడింది. వైశాఖంలో మనవరాలి పెళ్లి. ఎదుర్కోలులో ఇంటి పెద్ద ముందు నడిచి, ఫంక్షన్ హాలు గుమ్మం నుంచి గేటు దాకా వెళ్లి మగపెళ్లివారిని ఆలింగనం చేసుకుని లోపలికి తీసుకురావాలి. నడి దారిలో నిలిచిపోతే తాగొచ్చాడంటారు, లేదా సంబంధం ఇష్టం లేదంటారు. అందుకని తండ్రిని లోపలి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి తానే ముందు నడవాలని సుధాకర్ నిర్ణయించాడు. ఆ మాటే పటేలుకు ముల్లులా గుచ్చుకుంది.

“నా మనుమరాలి పెండ్లిల నన్ను బియ్యం బస్తా లెక్క అర్రల పెడ్తనంటుండు. ఇగ నడిపిస్తవో, బస్తానే జేస్తవో నీ ఇష్టం సారు.”

తోటలో ఎందుకు నడుస్తున్నాడో చూడటానికి నేను వాళ్ల ఊరు వెళ్లాను. చూసిన క్షణంలోనే కారణం తట్టిందని తర్వాత చాలాచోట్ల చెప్పాను. తట్టలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ద్రాక్షపళ్లు తిని వచ్చాను. రెండోసారి కూడా తింటూనే ఉండగా, పందిరి కింద చకచకా పోతున్న పటేలు ఉన్నట్టుండి ఆగాడు. మబ్బు అడ్డొచ్చింది. మబ్బు తొలగింది, మళ్లీ నడిచాడు. అప్పుడు నేల వైపు చూశాను. పందిరిని మోసే రాతి కడీల నీడలు, వరసగా, బాటకు అడ్డంగా పడుతున్నాయి. పటేలు నీడ దాటుతున్నాడు, మరో నీడ దాటుతున్నాడు. మెదడు దానంతటది అడుగు వేయించలేనప్పుడు కళ్లకు ఒక గీత చూపిస్తే, దాన్ని దాటే పనిగా మెదడు వేరే దారిలో అడుగు వేయిస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. నేను చదివిందే. పరీక్షలో రాసిందే. గుర్తు రావడానికి ఒక మబ్బు కావలసి వచ్చింది.

సుధాకర్‌కు ఇది వివరిస్తే నమ్మలేదు. “నీడను జూసి నడుస్తడా? ఆంధ్రోళ్ల కథలు మాకు జెప్పకు సారు,” అన్నాడు. సరే, చూడమని వాళ్లింట్లో మంచం నుంచి తలుపు దాకా సుద్దముక్కతో అడ్డగీతలు గీశాను. పటేలు లేచి, ఒక్కో గీతా దాటుకుంటూ తలుపు దాకా పోయి, గడప కూడా దాటి, వాకిట్లో నిలబడి కొడుకు వైపు చూశాడు. ఆ చూపుకు సుధాకర్ ఫోన్ వచ్చినట్టు లోపలికి పోయాడు. వాళ్లింట్లో ఫోన్ వాకిట్లోనే ఉండేది.

సుద్ద గీత మర్నాడు ఇల్లు తుడిస్తే పోతుంది కాబట్టి, రోజూ ముగ్గు పిండితో గీతలు వేయమని సుగుణకు చెప్పి వచ్చాను. ఇక్కడ పొరపాటు నాదే. ముగ్గు ఎవరి చేతికి ఇస్తున్నానో ఆలోచించలేదు. రెండు రోజుల తర్వాత వెళ్తే పటేలు మంచం మీదే ఉన్నాడు, ముఖం ముడుచుకుని. నేల మీద గీతలున్నాయి. ఒట్టి గీతలు బోడిగా ఉన్నాయని సుగుణ రెండు గీతల మధ్య పద్మాలు వేసింది, వాటి మీద పసుపు కుంకుమ చల్లింది. తలుపు దగ్గర చిన్న చిన్న లక్ష్మీ పాదాలు. అవి ఇంట్లోకి వస్తున్నాయి. పటేలు బయటికి పోవాలి.

“మామ నడవాలె గదా సారు, శుభంగా ఉండాలెనని ఏసిన,” అంది సుగుణ.

“శుభమే బిడ్డా,” అన్నాడు పటేలు. “లక్ష్మీ దేవి లోపలికొస్తుంటే ఎదురుంగ పోయి పద్మం మీద కాలెట్టి తొక్కాల్నా? నీ సారు జెప్పినా తొక్క.”

మన ఇళ్లలో ముగ్గు అంటే తొక్కకూడనిది. నేను దాన్ని నడవడానికి వాడమన్నాను. దేశమంతటా ఉన్న ఫిజియోథెరపిస్టుల్లో ఈ తప్పు చేయడానికి తెలుగువాడే కావాలి. ఆ సాయంత్రమే తెల్ల ఎనామిల్ పెయింటు తెప్పించి, ఒట్టి గీతలు, అలంకారం లేకుండా వేయించాం. సుగుణ పక్కనే నిలబడి, చూడటానికి రైలు పట్టాల కింది చెక్కల్లా ఉన్నాయని నొచ్చుకుంది. పటేలు మాత్రం వాటి మీద రోజూ సాధన చేశాడు. తిరగడం కూడా నేర్పాను. ఉన్నచోట గిర్రున తిరిగితే కాళ్లు చిక్కుబడతాయి కాబట్టి, ఎద్దుబండిని మళ్లించినట్టు వెడల్పుగా తిరగాలి. ఈ ఉపమానం నాదని చెప్పుకునేవాణ్ని. పటేలుది.

కళ్లకు గీతలాగే చెవికి తాళం కూడా పనిచేస్తుందని పుస్తకంలో ఉంది. ఒకసారి చప్పట్లు కొడుతూ “ఒకటి, రెండు” అని నడిపించబోయాను. “నన్ను బాలవాడి పోరన్ని జెయ్యకు,” అని కసిరాడు. అంతటితో వదిలేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పెళ్లి మేడ్చల్ హైవే మీద ఒక ఫంక్షన్ హాల్లో. లోపల అద్దంలా మెరిసే గ్రానైటు. ఎక్కడా గీత లేదు. నేను ముందురోజే వెళ్లి, గుమ్మం నుంచి గేటు దాకా సిమెంటు బాట మీద సున్నంతో అడ్డగీతలు వేయించాను, బడి పిల్లల పరుగు పందేలకు వేసినట్టు. పటేలు ఒకసారి నడిచి చూశాడు. గేటు దాకా ఆగలేదు. సుధాకర్ అప్పటికి మెత్తబడ్డాడు గానీ, ముందుజాగ్రత్తగా ఒక కుర్చీ గుమ్మం పక్కన పెట్టించాడు. “బాపూ, కాకపోతే కూసో, నేను పోత,” అన్నాడు. పటేలు ఆ కుర్చీని చూసినట్టు కూడా కనబడలేదు.

పెళ్లి రోజు సాయంత్రం నేను వెళ్లేసరికి బాట మీద గీతలు లేవు. ఎర్ర కార్పెట్ ఉంది. పెద్దింటి పెళ్లి అని టెంట్ హౌస్ వాళ్లు గుమ్మం నుంచి గేటు దాకా ఒకే ఎరుపు పరిచేశారు. మా సున్నమంతా దాని కింద భద్రంగా ఉంది. తీయమంటే టెంట్ హౌస్ అతను నావైపు జాలిగా చూశాడు. “కార్పెట్ దీసి సున్నం జూపిస్తరా సారు? మగపెండ్లోళ్లు నవ్వరా?” అన్నాడు. అంతలో గేటు దగ్గర మగపెళ్లివారు దిగనే దిగారు. డప్పుల వాళ్లు పక్కన చేరారు. పటేలు కొత్త ధోవతి, జరీ తువ్వాలతో గుమ్మంలోకి వచ్చాడు. ఎరుపు చూశాడు. నిలిచిపోయాడు.

గీత కావాలి. రెండు వైపులా చుట్టాలు. గేటు దగ్గర పెళ్లికొడుకు తాత, చేతిలో అత్తరు బుడ్డి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పటేలు కుడి పాదం వణుకుతోంది, లేవదు. ఎవరో ఆడమనిషి “పటేలుకేమాయె?” అనడం వినబడింది. సుధాకర్ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

ఆ క్షణంలో నేను డప్పుల వాళ్లకు సైగ చేశాననీ, శ్రవణ సంకేతంతో రోగిని నడిపించాననీ ఆ తర్వాత కొన్నేళ్లు వృత్తి సదస్సుల్లో చెప్పాను. ఒకసారి స్లైడు కూడా వేశాను. నిజానికి నేను ఆ సమయంలో నేల మీద మోకాళ్లు ఆనించి, కార్పెట్ ఒక అంచు పైకెత్తి, కింద గీత ఎక్కడుందో వెతుకుతున్నాను. టెంట్ హౌస్ అతను రెండో అంచు తొక్కి పట్టుకున్నాడు.

డప్పు కొట్టమన్నది పటేలు. నడవడానికి కాదు. అందరి కళ్లూ తన పాదాల మీదున్నాయి. వాటిని ఇంకెటన్నా మళ్లించాలి. ఆయన గొంతుకు ఫ్రీజింగ్ లేదు గదా.

“ఏం జూస్తుండ్రుర గట్ల? పెండ్లిగాదుర? కొట్టుండ్రి.”

డప్పు మొదలైంది. నిదానమైన, బరువైన దెబ్బ. రెండో దెబ్బకో మూడో దెబ్బకో ఆ వణికే పాదం లేచింది. దెబ్బకొక అడుగు. పటేలు తల పైకెత్తుకుని, తువ్వాల సర్దుకుని, నేల వైపు చూడకుండా, ఎరుపు మీద రాజులా నడిచాడు. సుగుణ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సుధాకర్ కుర్చీ మీంచి చెయ్యి తీసి తండ్రి వెనక చేరాడు. నేను కార్పెట్ వదిలేశాను.

సగం దారి బాగా సాగింది. అప్పుడు మగపెళ్లివారి వైపు కుర్రాళ్లకు ఉత్సాహం వచ్చింది. “అన్నా, తీన్‌మార్,” అని అరిచారు. డప్పుల వాళ్లకు ఆ మాట చాలు. దెబ్బ రెట్టింపైంది. పటేలు అడుగూ రెట్టింపైంది. ఒళ్లు ముందుకు వాలింది, అడుగులు చిన్నవయ్యాయి. ఇందాక చెప్పిన రెండో చిక్కు. వెనక నుంచి నేను పరుగెత్తాను. నేను బాగానే పరుగెత్తగలను. అని రాయబోయాను గానీ, చెప్పు కార్పెట్ అంచుకు తగిలి ఆగిపోయాను. పటేలు ఆగలేదు. జరీ తువ్వాల ఎగురుతుండగా నేరుగా పోయి పెళ్లికొడుకు తాత గుండెల మీద పడ్డాడు.

ఆ తాత కీసర వైపు రైతు, కొట్టం గుంజలాంటి మనిషి. రెండు చేతులతో పట్టేశాడు. అత్తరు ఇద్దరి మీదా ఒలికింది.

“ఏం బావా, గింత ప్రేమా? ఉరికొస్తివి?”

“మరేందనుకున్నవ్?” అన్నాడు పటేలు ఆయాసపడుతూ, ఆయన్ను వదలకుండా. “మీరు రాంగనే నిలవబుద్ధి కాలే.”

ఇంత గొప్ప అలాయ్ బలాయ్ ఎన్నడూ చూడలేదని రెండు వైపుల వాళ్లూ చాలాకాలం చెప్పుకున్నారు. మగపెళ్లివారిలో కొందరైతే అంత ఆదరం చూపిన ఇంటి పిల్లను బాగా చూసుకోవాలని అనుకున్నారట. తిరిగి లోపలికి రావడానికి మాత్రం పటేలు మొదటి దెబ్బే కావాలని డప్పుల వాళ్లకు గట్టిగా చెప్పాడు. పెళ్లికొడుకు తాత చెయ్యి పట్టుకుని, ఆ దెబ్బకు వచ్చాడు. కుర్చీ దగ్గర ఆగి కొడుకుతో, “గీ కుర్చీల మీ సారును కూసోబెట్టు. మస్తు పరేషానయిండు,” అన్నాడు. నేను కూర్చున్నాను.

మర్నాటి నుంచి మా షెడ్డులో సాధన మారింది. చప్పట్లు ఒప్పుకోని పటేలు డప్పు అయితే ఒప్పుకున్నాడు. యాదమ్మ తమ్ముడు డప్పు కొట్టేవాడు. అతనితో కొట్టించి ఒక క్యాసెట్‌లోకి ఎక్కించాం. పటేలు సహజంగా వేసే అడుగు వేగాన్ని ముందు గమనించి, దెబ్బ దానికి సరిపోయేలా. ఆ క్యాసెట్ తర్వాత చాలామంది రోగులకు పనికొచ్చింది. పటేలుకు జబ్బు తగ్గలేదు; అది తగ్గే జబ్బు కాదు. కానీ చాలా ఏళ్లు తన ఇంట్లో తాను తిరిగాడు, వాకిట్లోకి వచ్చి జనాన్ని తిట్టగలిగాడు.

ఈ ఉదంతం నాకు నేర్పినవి పని సంగతులే. రోగి ఒకచోట నడిచి మరోచోట నడవకపోతే నాటకమనే ముందు రెండు చోట్లా నేల చూడాలి. ఎక్కడ నడవాలో అక్కడ, నడవాల్సిన రోజే, మళ్లీ ఒకసారి చూసుకోవాలి. తాళానికి నడిపించేటప్పుడు తాళం ఎవరి చేతిలో ఉందో తెలిసి ఉండాలి. మనం రోగి వెనకో పక్కనో కాదు, ముందు నిలబడాలి. ఆ రోజు ముందు నిలబడిన మనిషి ఫిజియోథెరపిస్టు కాదు, కీసర వైపు రైతు.