అందరికీ ఒకటే సైన్సు

ఆ రోజుల్లో నేను ఇంకా పడుచుదాన్నే. నవ్వకండి. ఐదేళ్ళ కిందట నాకు సరిగ్గా డెబ్బై. మేడమెట్లు ఆగకుండా ఎక్కేదాన్ని, కోపం వస్తే ఇంకా త్వరగా దిగేదాన్ని. ఆ వయసులో, తాను తప్ప లోకమంతా లెక్క తప్పినట్టే కనిపిస్తుంది మనిషికి. అందులోనూ మాది ధర్మపురి బజారులో మూడు తరాల ధాన్యం కొట్టు. ఏరియూరు నుంచి రాగుల మూట వస్తే, గుప్పెడు మచ్చు చూడనిదే బండి నుంచి దింపనిచ్చేదాన్ని కాదు. అలాంటి ఇంట్లో మా కోడలు మచ్చు చూడకుండా సైన్సు కొనబోయింది!

కరోనాకు బడులు మూతబడ్డప్పుడు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టిన కోడలు, బడులు తెరిచాక కూడా మానలేదు. మనవరాలికి పదమూడు, దాని తమ్ముళ్ళలో నడిమివాడికి తొమ్మిది, చిన్నవాడికి ఆరు. ముగ్గురికీ కలిపి ఒకటే సైన్సు పాఠాలట, ఆన్‌లైన్‌లో అమ్ముతారట! ఆరేళ్ళవాడి చొక్కా పదమూడేళ్ళదానికి తొడుగుతామా? "ఇంకో రెండేండ్లలో పాప ప్రైవేటుగా పది పరీక్ష రాయాల. ఈ పసిపిల్లల ఆటలకు మార్కులు ఎవరు వేస్తారు?" అని నిలదీశాను. "సుమ్మా, ఊరికే ఒగ పాఠం చూడండత్తా. మచ్చుకు దుడ్డు అడగరు" అంది కోడలు. చూశాను.

మొదటి వాక్యమే "ఒక గుడ్డు తీసుకోండి" అని ఉంది. గుడ్డు! మా అత్తగారి కాలం నుంచి ఈ గడప దాటి లోపలికి రాని వస్తువు. (నడిమివాడు "నేను పోయి తెస్తానవ్వా" అని అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.) చివరికి ఉర్లగడ్డతో, అదే బంగాళాదుంపతో, సరిపెట్టారు. అది నీళ్ళలో మునిగింది. ఉప్పు బాగా కలిపాక తేలింది. చిన్నవాడు చప్పట్లు కొట్టాడు, నడిమివాడు ఉప్పు జాడీ మొత్తం బోర్లించాడు, పెద్దది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చూస్తివా? సాంద్రత అనే మాటే లేదు దీంట్లో!"

"అది రేపటి పాఠంలో వస్తుందత్తా."

"రేపటికి ఉప్పు ఎక్కడిది?"

పోరి పోరి, ఎవరి వయసుకు తగ్గ పుస్తకం వాళ్ళకు తెప్పించాను. పెద్దదాన్ని దాని ఎనిమిదో తరగతి సైన్సుతో మేడమీది గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఇన్నాళ్ళకు న్యాయం జరిగిందనుకుంటూ కిందికి వచ్చాను.

కాసేపటికి అది నీళ్ళ కోసం దిగింది. తర్వాత స్కేలు కోసం. ఆ తర్వాత, స్కేలు చేతిలో పట్టుకునే, స్కేలు కోసం.

"ఏమే, చదువుతావా లేదా? నీ కోసమే కదా నేను ఇంత కొట్లాడింది!"

"నిన్ను ఎవరు కొట్లాడమన్నారవ్వా?" కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నాకు బడి లేదు, స్నేహితులు లేరు. ఉండేది ఈ రెండు కోతులే. వాళ్ళు ఈడ నవ్వుతా ఉంటే, నేను ఆడ ఒంటిగా సాంద్రత చదవాలనా?"

"మేము కోతులా?" అన్నాడు నడిమివాడు. "నీకు ఉర్లగడ్డ ఇయ్యం, పో!"

నేనే మేడెక్కి దాని పుస్తకం కిందికి తెచ్చిపెట్టాను. (అంతకు ముందు అలా ఎప్పుడూ జరగలేదు.) చివరికి, పెద్దదాని పుస్తకం పెద్దదానికే, బల్ల మాత్రం ముగ్గురికీ ఒకటే అని తేలింది. తన మాటే నెగ్గిందని కోడలు పక్కింట్లో చెప్పుకుంది. పచ్చి అబద్ధం! ఆ పుస్తకం తెప్పించింది ఎవరు?

ఇప్పుడు పెద్దది సేలంలో, కాలేజీ హాస్టల్లో ఉంది. సాయంకాలం చదువుకునే వేళకు వీడియో కాల్ చేస్తుంది. తమ్ముళ్ళు ఫోన్‌ను బల్లమీద నిలబెట్టి పుస్తకాలు తెరుస్తారు. ఎవరూ మాట్లాడరు. మధ్యలో ఎప్పుడైనా "రేయ్, పెన్సిల్ కొరకొద్దురా" అని ఫోన్లోంచి గొంతు వస్తుంది, అంతే. మాటలే లేని ఫోను గంటసేపు ఎందుకని మొన్న కసిరాను. కసురుతూనే నా కుర్చీని కూడా ఆ బల్ల దగ్గరికి లాక్కున్నాను.

"అవ్వా, కొంచెం జరుగు. చిన్నోడు కనబడటంలే" అంది అది.

జరిగాను. ఈమధ్య, జరగమంటే జరుగుతున్నాను.