నాయకురాలి మొహం ఎవరిది?

ఆ రోజుల్లో మా గురజాలలో ఇత్తడికి చెడ్డకాలం వచ్చింది. ఇంటింటికీ స్టీలు సామాను వచ్చేసి, అమ్మమ్మల నాటి బిందెలూ గంగాళాలూ అటకెక్కాయి. నా పరిస్థితీ ఇంచుమించు అంతే. డిగ్రీ తప్పి (ఒక్క సబ్జెక్టే అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది, నిజానికి రెండు) ఇంట్లో కూర్చున్నాను. మా నాన్న మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు: "ఎండాకాలం లోపు ఏదో ఒక ఉద్యోగం చూసుకో. లేదంటే కల్లానికొచ్చి మిరపకాయల తొడిమెలు తియ్యి." తొడిమెలు తీసిన చేత్తో పొరపాటున కళ్లు నలుపుకున్నవాళ్లకి తెలుస్తుంది, ఉద్యోగం విలువ ఏమిటో.

సరిగ్గా అప్పుడే మా ఊరికి గడ్డం మాస్టారు వచ్చారు. తెనాలి వైపు శిల్పి. చరిత్రలో పేరున్న ఆడవాళ్లకి తప్ప ఇంకెవరికీ విగ్రహం పోయనని పంతం పట్టి, ఊరూరా కంచు విగ్రహాలు నిలబెడుతున్న మనిషి. మా ఊళ్లో ఎవరిది నిలబెట్టాలో వేరే ఆలోచించక్కర్లేదు. ఏ కాలంలోనో మంత్రిగా ఉండి పలనాడునంతా నడిపించిన నాయకురాలిదే. (మాచర్లవాళ్లు నడిపించిందనరు, ముంచిందంటారు. వాళ్ల మాట మనకెందుకు.) రాగీ తగరం తాను కలుపుకుంటానని, ఇత్తడి మాత్రం ఊరివాళ్లే ఇవ్వాలని మాస్టారు అడిగారు. మహిళా మండలి ప్రెసిడెంటు పిన్ని (చుట్టం కాదు, ఊరందరికీ పిన్నే) ఆ పని నెత్తినేసుకుని నన్ను పిలిపించింది. "ఇల్లిల్లూ తిరిగి పాత ఇత్తడి పోగెయ్యవే. విగ్రహం సవ్యంగా లేచిందంటే బాలవాడీ టీచరు పోస్టు నీదే," అంది.

రిక్షా కట్టించుకుని మొదట మా మేనత్త ఇంటికి పోయాను. ఊళ్లో ఆమెని కంచుగొంతు అత్త అంటారు. తన గేదెని పిలిస్తే పక్కింటి గేదెలు కూడా వచ్చేవి. అత్త అటక మీంచి తన అత్తగారి నాటి బిందె దింపి, చీరకొంగుతో తుడిచి, రిక్షాలో తనే పెట్టింది. "తీసుకుపో. కానీ ఇది మొహానికే వాడాల. కాళ్లకి వాడారని తెలిసిందా, నడిబజార్లో నీ జుట్టు పట్టుకుంటా," అంది. "అట్టాగేలే అత్తా," అన్నాను. చిక్కేమిటంటే ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. ఇక ఏ గడప తొక్కినా అదే షరతు. "మా చెంబు కూడా మొహానికేనే!" "మా గంగాళం చానా గట్టిది, నుదుటికి పనికొచ్చిద్ది!" నేను ఎవరినీ కాదనలేదు. నా కళ్ల ముందు మిరపకాయల కల్లం కనిపిస్తోంది మరి. పాదాలకిస్తానన్న పుణ్యాత్మురాలు ఒక్కతీ లేదు. ఆ లెక్కన నాయకురాలికి మొహం తప్ప ఒళ్లుండకూడదు.

కొన్ని నెలలకి విగ్రహం లారీలో వచ్చి సెంటర్లో దిమ్మ మీద నిలబడింది. మండలాలు కొత్తగా పడ్డ రోజులు. కొత్త మండలాధ్యక్షుడు తాడు లాగాడు, గుడ్డ జారింది. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విగ్రహం నల్లగా ఉంది! హుందాగా ఉండాలని మాస్టారు ఏవో మందులు పూసి, సెగ చూపించి మరీ తెప్పించిన రంగది. ఆ సంగతి మాకేం తెలుసు? మైకు అక్కర్లేకుండానే మా అత్త గొంతు లేచింది. "ఓరి నాయనో! తళతళలాడే నా బిందెని ఇట్టా మాడ్చాడేంది!"

మర్నాడు పొద్దున్నే ఎవరో చెబితే సెంటరుకి పరిగెత్తాను. కరెంటువాళ్ల నిచ్చెన దిమ్మకి ఆనించి ఉంది. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు పట్టుకుని ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఒకరు దిగితే ఒకరెక్కి రుద్దుతున్నారు. అందరూ రుద్దేది మొహమే. మిగతా ఒళ్లు ఎవరిదీ కాదుగా! దాంతో మెడ కింద నుంచి మాస్టారి నలుపు, మెడ పైన మా వాళ్ల పసుపు. పిన్ని నన్ను చూడగానే మండిపడింది. "మొహం మొహం అని ఊరంతా చెప్పొచ్చావంటగా? బాలవాడీ సంగతి మర్చిపో." నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడే తెనాలి బస్సు కోసం సంచీతో, పిన్ని మాటలు వింటూ వచ్చిన మాస్టారు విగ్రహం ముందు ఆగిపోయారు. అందరూ ఆయన్ని చుట్టుకున్నారు. "అయ్యా, మొహంలో ఎవరి ఇత్తడి ఉందో నువ్వే చెప్పు, ఈ పిల్ల మాట నమ్మేటట్టు లేదు," అన్నారు. కొలిమిలో పడ్డాక అంతా ఒకటే అయిపోతుందమ్మా, బిందేదో చెంబేదో ఎవరు చెప్పగలరు అన్నారాయన. అత్త ముందుకొచ్చింది. "కలిసి కరిగిందంటే మొహంలో నాదీ ఉన్నట్టేగా?" "ఉన్నట్టే." "ఇంకేం మరి! పిల్ల అబద్ధమేం చెప్పింది?" అంటూ మళ్లీ నిచ్చెన ఎక్కింది.

మాస్టారు తలెత్తి ఆ పసుపు మొహాన్ని చూశారు. తిడతారనుకున్నాను. "చానా ఊళ్లలో నిలబెట్టానమ్మా," అన్నారు పిన్నితో, "తాడు లాగిన రోజు వేసిన దండ ఎండిపోయినా తీసే దిక్కుండదు. ఇక్కడ ఈ పిల్ల మాటతో అందరూ నిచ్చెనెక్కారు. ఆ ఉద్యోగం ఈమెకే ఇవ్వండి." తర్వాత అత్తకేసి చెయ్యి ఊపి, "చెవుల ఎనక వదిలేశావు తల్లీ, అక్కడా రుద్దు," అని బస్సెక్కారు. బస్సు కదిలేదాకా అత్త ఆయన చెప్పినచోట రుద్దుతూనే ఉంది. బాలవాడీలో చేరిన రోజు నేను మిరపకాయ బజ్జీ కూడా ముట్టలేదు.

ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. నిచ్చెన ఎక్కిన వాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు, మా అత్తతో సహా. అందుకే అప్పుడప్పుడూ చింతపండు నానేసుకుని నేనే పోయి నిచ్చెన ఎక్కుతున్నాను. (మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, మా ఆయన అసలే ఒప్పుకోవడం లేదు.) మొన్న స్కూటీ మీద పోతున్న ఓ కాలేజీ పిల్ల ఆగి, "మీకెందుకాంటీ ఈ కష్టం? ఆఫీసోళ్లు చూసుకుంటారుగా," అంది.

"మొహం మాదమ్మా," అన్నాను.

నిజానికి ఆ విగ్రహంలో మా ఇంటి గరిటె ముక్క కూడా లేదు. మా అమ్మ ఇవ్వనంటే ఇవ్వనంది. ఆ వయసులో అయితే అంత మాట అనడానికి నోరు వచ్చేది కాదేమో. ఇప్పుడు మాత్రం నాలో నేనే నవ్వుకుని రెండో బుగ్గ అందుకున్నాను.